కడుపులో దాచిన మాట

కడుపు చించుకొన్న కాళ్లమీద పడునని మన పెద్దలు చెప్పుదురు. ఇంటిగుట్టు లంకకు చేటని మఱియొక సామెత. ఈ రెండు మాటలను వినకుండ మన యిండ్లలో ఆడుపిల్ల పెరిగి పెద్దదగుట అరుదు. అత్తవారింటికి పంపునపుడు తల్లి కూతునకు చేయు బోధలో "ఎవరేమన్నను కడుపులో పెట్టుకొనుము" అనునది మొదటిది. మేమును ఈ బోధను విని పెరిగినవారమే. అందలి వివేకమును కాదనువారము కాము. నోటికి వచ్చిన మాటనెల్ల అప్పటికప్పుడే విసరివైచు ఇంట శాంతి నిలువదు. కాని ఈ బోధ ఒక ప్రశ్నకు సమాధానము చెప్పదు. కడుపులో పెట్టుకొన్న మాట అటుపిమ్మట ఏమగును? తిన్న అన్నమువలె జీర్ణించిపోవునా? లేక నాటిన విత్తనమువలె లోలోపల మొలకెత్తునా?

ఈ ప్రశ్నను పట్టుకొని బయలుదేరినదే నేడు సైకోడైనమిక్ పద్ధతి యని పిలువబడు మనశ్శాస్త్ర మార్గము. మనుష్యుని మనస్సులో కోరికలు, భయములు, ధర్మబుద్ధి ఒండొంటితో పెనగులాడుచుండుననియు, ఆ పెనగులాటలో చాల భాగము మనకే తెలియకుండ జరుగుననియు, మన నడవడియు స్వభావమును చాలవఱకు దానినుండియే రూపొందుననియు ఈ మార్గమువారు చెప్పుదురు. దీని చరిత్రను చదివినపుడు మాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించిన విషయమొకటి కలదు. ఈ శాస్త్రమునకు మొదటి మెట్టు వేసినవారిలో పండితులతో పాటు, తండ్రి మంచము ప్రక్కన రాత్రులు మేలుకొని ఉపచారము చేసిన 21 యేండ్ల కన్యక యొకతె యున్నది. ఆమె కథను సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

ఆమె పేరు బెర్తా పాపెన్హైమ్. 1859లో ఆస్ట్రియా రాజధానియగు వియన్నా నగరమున, ఆచారపరాయణులైన సంపన్న యూదు కుటుంబమున జన్మించెను. చుఱుకైన బుద్ధి కలది. పెక్కు భాషలు నేర్చినది. ఐనను 16 యేండ్లు నిండగానే ఆమె చదువు ముగిసెను. తరువాత కుట్టుపని, సంగీతము, పెండ్లికై నిరీక్షణము: ఇవియే ఆనాటి గొప్పయింటి కన్యకు విధింపబడిన వ్యాపారములు. ఆమెకంటె చిన్నవాడైన తమ్ముడు మాత్రము విశ్వవిద్యాలయమునకు పోయి న్యాయశాస్త్రము చదివెను. వియన్నా విశ్వవిద్యాలయమున స్త్రీలకు ప్రవేశము దొరకినది 1897లో. అప్పటికి బెర్తాకు 38 యేండ్లు. పనిలేని ఆ తెలివి ఊరకుండునా? చేతులు ఇంటిపనిలో నుండగా మనస్సు పగటికలలు కనుచుండెను. ఆ పగటికలలకు "నా సొంత నాటకశాల" యని ఆమెయే పేరు పెట్టుకొన్నది. ఎదుటనున్నవారికి ఆమె వారి మాటలనే వినుచున్నట్లుండెడిది. లోపల నాటకము నడుచుచునే యుండెడిది.

1880వ సంవత్సరము జులై మాసమున ఆమె తండ్రి ఊపిరితిత్తుల సంబంధమైన జబ్బుతో మంచము పట్టెను. రాత్రి కావలి బెర్తాకు వచ్చెను. నెలలు గడచినకొలది ఆమె ఆహారము తగ్గెను, బలము సన్నగిల్లెను, ఎడతెగని దగ్గు పట్టుకొనెను. ఆ సంవత్సరాంతమునకు ఆమెయే మంచము పట్టినది. కుడిచేయి చచ్చుపడెను, కాళ్లు ఆడవయ్యెను, చూపు చెదరెను. తల్లిభాషయగు జర్మను నోట రాక, కొంతకాలము ఇంగ్లీషు మాత్రమే మాటలాడెను. 1881 ఏప్రిలు నెలలో తండ్రి మరణింపగా వ్యాధి మఱింత ముదిరెను. ఆనాటి వైద్యులు దీనికి హిస్టీరియా యని పేరు పెట్టిరి. ఆ పేరు వినగానే అది వట్టి నటనయని పెదవి విఱచువారు ఆ దేశమునందును లేకపోలేదు.

ఆమెను చూడవచ్చిన డాక్టరు జోసెఫ్ బ్రాయర్ పేరుపొందిన వైద్యుడు. అతడు మందులు ఇచ్చెను. కాని మందులకంటె ముఖ్యమైన పనియొకటి చేసెను. ప్రక్కన కూర్చుండి ఆమె చెప్పినది వినెను. సాయంకాలములందు ఆమె ఒకవిధమైన మైకములో నుండి, తన మనస్సులో మెదలుచున్న కథలను, భయములను చెప్పుకొనుచుండెను. చెప్పిన దినమున నెమ్మది కలుగుచుండెను; చెప్పని దినమున బాధ రెట్టింపగుచుండెను. ఈ విధానమునకు పేరు పెట్టినదియు ఆ రోగియే. "మాటల వైద్యము" అని యొక పేరు. హాస్యమునకు "పొగగొట్టము నూడ్చుట" అని మఱియొక పేరు. రెండును ఇంగ్లీషులోనే పెట్టినది. చలిదేశములలో పొయ్యిపొగ పోవు గొట్టమున మసి పేరుకొన్నచో పొగ యింటిలోనికే తిరిగివచ్చును. గొట్టము నూడ్చినగాని ఇల్లు తేటపడదు. తన హృదయమును గూర్చి ఇంతకంటె తేటయైన మాటను ఏ పండితుడు చెప్పగలడు?

ఆమె చెప్పుకొన్న సంగతులలో మూడింటిని బ్రాయర్ వ్రాసిన వృత్తాంతమునుండి ఇచట తెలుపుదుము. ఒకనాడు ఆమె తండ్రి ప్రక్కన కూర్చుండగా పొరుగింటినుండి నాట్యసంగీతము వినవచ్చెను. ఆ క్షణమున, తానును అచటనున్న ఎంత బాగుండునని కోరిక పుట్టెను. వెంటనే, తండ్రి మంచముననుండ ఇట్టి కోరికయా యని తన్ను తానే నిందించుకొన్నది. దగ్గు మొదటిసారి వచ్చినది అప్పుడే. అటుపిమ్మట వ్యాధి యున్నంతకాలము తాళబద్ధమైన సంగీతము వినబడినప్పుడెల్ల దగ్గు వచ్చుచునే యుండెను.

రెండవది ఇది. ఒకరాత్రి ఆమె కన్నుల నీరు నిండియుండగా తండ్రి గంట యెంతయైనదని యడిగెను. కన్నీరు అతని కంటబడరాదని బిగబట్టుకొని, గడియారమును ముఖమునకు చేరువగా తెచ్చుకొని చూచెను. అంకెలు మిక్కిలి పెద్దవిగా కనబడెను. ఆనాటినుండి కంటిచూపు చెదరెను.

మూడవది యందఱకంటె మనకు తేలికగా తెలియునది. ఒక వేసవిలో ఆఱు వారములపాటు ఆమె చుక్క నీరు త్రాగలేకపోయెను. దాహముతో గ్లాసు నెత్తుకొనును. పెదవికి తాకగానే త్రోసివేయును. పుచ్చకాయలు మున్నగు పండ్లతో దప్పి తీర్చుకొనెను. ఒకనాడు మైకములో నుండగా జ్ఞాపకము వచ్చినది: ఇంటనున్న ఇంగ్లీషు సహచరి గదిలోనికి తాను పోయినపుడు ఆమె కుక్కపిల్ల గ్లాసులో మూతిపెట్టి నీరు త్రాగుచుండెను. అసహ్యము కలిగినది, కాని మర్యాదకై ఒక్క మాటయు అనలేదు. ఆనాడు మ్రింగుకొన్న కోపమును ఇప్పుడు బిగ్గరగా వెళ్లగ్రక్కి, నీళ్లడిగి, కడుపునిండ త్రాగినది. మైకమునుండి మేలుకొనునప్పటికి గ్లాసు పెదవుల దగ్గఱనే యుండెనట.

ఈ మూడింటిలో గల పోలికను గమనింపుడు. ప్రతిచోటను ఒక సహజమైన భావము పుట్టినది: ఒకచోట సరదా, ఒకచోట దుఃఖము, ఒకచోట కోపము. ప్రతిచోటను మంచి కూతురు, మర్యాదగల కన్య అట్లుండరాదను కట్టుబాటు దానిని త్రొక్కిపట్టినది. త్రొక్కబడిన భావము చావలేదు. నోటిద్వారము మూయబడగా దగ్గుగాను, చూపుగాను, దప్పిగాను వేఱొక ద్వారమున వెలికి వచ్చినది. నివురు గప్పిన నిప్పు ఆఱినదని అనుకొనుట మన పొరపాటు.

1882లో బ్రాయర్ ఈ సంగతిని తన యువమిత్రుడగు సిగ్మండ్ ఫ్రాయిడ్‌తో ముచ్చటించెను. ఇరువురును కలిసి 1895లో హిస్టీరియాను గూర్చి యొక గ్రంథము ప్రకటించిరి. అందు బెర్తా అసలు పేరును దాచి "అన్నా ఓ" అని వ్రాసిరి. ఫ్రాయిడ్ మైకపు విధానమును విడిచి, రోగి మెలకువతోనుండి మనస్సునకు తోచినదెల్ల దాపరికము లేక చెప్పు పద్ధతిని అవలంబించెను. దానికే మనోవిశ్లేషణమని పేరు. 1923లో అతడు మనస్సును మూడు పాత్రలుగా వివరించెను: ఇది కావలెనని మంకుపట్టు కోరిక, ఇది తగదని గద్దించు ధర్మబుద్ధి, ఈ రెంటికిని బయటి లోకమునకును నడుమ నలుగుచు సర్దుబాటు చేయు "నేను". ఇంటిలో అల్లరిబిడ్డకును కఠినమైన పెద్దఱికమునకును నడుమ నిలిచిన ఇల్లాలి గతి యెట్టిదో, ఈ "నేను" గతియు అట్టిదే.

ఆ నడుమనున్న "నేను" తన బాధను తప్పించుకొనుటకు పన్ను ఉపాయములను ఫ్రాయిడ్ కుమార్తె అన్నా ఫ్రాయిడ్ 1936లో ఒక గ్రంథమున క్రమముగా వివరించెను. ఆ ఉపాయముల పేర్లు క్రొత్తవి కావచ్చును గాని సంగతులు మన సామెతలలో నున్నవే. అత్తమీది కోపము దుత్తమీద చూపుట మనకు తెలియనిదా? కోపమునకు అసలు కారణమైనవారిని ఏమియు అనలేక నోరులేని పాత్రను ఎత్తివేయుట, లేదా పసిబిడ్డ వీపుపై చఱచుట ప్రతియింట చూచుచున్నదే. పచ్చకామెర్లవానికి లోకమంతయు పచ్చన యనుదురు. తనలోని అసూయను తాను ఒప్పుకొనలేనివారు తోడికోడలు తన్ను చూచి అసూయపడుచున్నదని నమ్ముట ఈ జాతిలోనిదే. ఇట్లు చేయువారు బుద్ధిపూర్వకముగా మోసము చేయుటలేదు. తమకే తెలియక చేయుచున్నారు. ఈ శాస్త్రము చెప్పు ముఖ్యమైన మాట యిదియే.

మఱియొక సంగతి. చిన్ననాట తల్లిదండ్రులతో మనకు కలిగిన అనుబంధము మన లోపల ఒక అచ్చువలె నిలుచుననియు, పెద్దయైన తరువాత క్రొత్తవారిని సైతము ఆ అచ్చులోనే పోసి చూతుమనియు ఈ మార్గమువారు చెప్పుదురు. బాల్యమున కఠినురాలైన మేనత్త చేతిలో పెరిగిన పిల్ల, అత్తగారు మామూలుగా "కూరలో ఉప్పు చాలలేదమ్మా" అన్నను ఉలికిపడి కన్నీరు పెట్టుకొనవచ్చును. ఆ కన్నీరు నేటి మాటకు వచ్చినది కాదు. నాటి మాటకు వచ్చినది. ఈ సంగతి ఇరువురిలో ఒక్కరికి తెలిసినను ఆ యింట సగము కలహము తగ్గునని మా తలంపు.

ఇంతవఱకు చదివిన సోదరీమణులు, ఐతే మాటలతో సమస్తవ్యాధులును కుదురునా యని అడుగవచ్చును. ఇచట మేము కథలోని రెండవ భాగమును దాచరాదు. 1895 నాటి గ్రంథమును చదివినవారు బెర్తా మాటల వైద్యముతో పూర్తిగా స్వస్థురాలైనదని తలంచుచుండిరి. నిజము అంత సులభము కాదు. 1882 జూన్ నెలలో బ్రాయర్ చికిత్స ముగిసెను. జులైలో ఆమెను స్విట్జర్లాండులోని క్రొయిట్స్‌లింగెన్ అను ఊరి వైద్యాలయమునకు పంపవలసివచ్చెను. నొప్పికై ఇచ్చిన మార్ఫియా అలవాటుగా మాఱియుండెను. 1887 వఱకు ఆమె పలుమాఱులు వైద్యాలయములలో గడపినది. ఎల్లెన్‌బెర్గర్ అను వైద్యచరిత్రకారుడు పాత కాగితములను వెదకి ఈ సత్యమును 1972లో లోకమునకు తెలిపెను. ఇంతేకాక, స్త్రీస్వభావమును గూర్చి ఫ్రాయిడ్ చెప్పిన పెక్కు మాటలు పురుషుని దృష్టితో చెప్పినవని కారెన్ హార్నై అను వైద్యురాలు 1920ల దశకముననే ఖండించెను. హిస్టీరియా యను రోగనామమును అమెరికా మనోవైద్యుల పట్టికనుండి 1980లో తొలగించిరి. కావున గురువులు చెప్పినదెల్ల వేదమని మేము చెప్పుటలేదు. కాని మనకు తెలియని మనస్సు మనలో నున్నదనియు, త్రొక్కిపట్టిన బాధ వేఱొక రూపమున వెలువడుననియు ఆ శాస్త్రము చెప్పిన మూలసూత్రము నిలిచినది. సంభాషణమే సాధనముగా గల ఈ చికిత్స పెక్కురకముల మనోవేదనలకు మేలుచేయునని ఇటీవలి పరిశోధనలు చూపినవి.

మఱి బెర్తా ఎట్లు కోలుకొన్నది? 1888లో ఆమె తల్లితో కూడ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరమునకు తరలిపోయెను. అచట బీదలకు అన్నము పెట్టు శాలలోను, అనాథబాలికల గృహమునందును పనిచేయ మొదలుపెట్టెను. 1895లో, అనగా తన వ్యాధికథ అచ్చుపడిన ఆ సంవత్సరముననే, ఆ అనాథగృహమునకు నిర్వాహకురాలయ్యెను. స్త్రీల హక్కులను గూర్చి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ రచించిన ఇంగ్లీషు గ్రంథమును 1899లో జర్మను భాషలోనికి తెచ్చెను, దానిపై పి. బెర్తోల్డ్ అను మాఱుపేరు పెట్టుకొన్నది. 1904లో యూదుస్త్రీల సంఘమును స్థాపించి యిరువది యేండ్లు నడపెను. బాలికలను మాయమాటలతో కొనిపోయి అమ్ముకొను దుర్మార్గమునకు ప్రతిగా దేశదేశములు తిరిగి పోరాడెను. 1907లో నోయ్ ఈసెన్‌బుర్గ్ అను ఊరిలో, దిక్కులేని కన్యలకును పెండ్లికాని తల్లులకును వారి బిడ్డలకును ఆశ్రయగృహము నెలకొల్పెను. 1936లో మరణించినది. ఆ మహనీయురాలే గ్రంథములలోని "అన్నా ఓ" యని లోకమునకు తెలిసినది 1953లో. మఱుసటి సంవత్సరము పశ్చిమజర్మనీ ప్రభుత్వము ఆమె చిత్రముతో తపాలాబిళ్ల నచ్చువేసెను. అది వైద్యచరిత్రలోని రోగిని గౌరవించుటకు కాదు. మానవసేవ చేసినవారి వరుసలో నిలుపుటకు.

ఈ రెండు భాగములను కలిపి చదివినప్పుడు మాకు తోచిన భావమిది. మాట తలుపును తెఱచును. కాని తెఱచిన తలుపునుండి పోవుటకు ఒక దారి యుండవలెను. వియన్నాలోని ఆ గదిలో ఆమె కోపమును, దుఃఖమును వెలిబుచ్చినది. దానిచే దప్పి తీరినది, దగ్గు తగ్గినది. కాని చదువు మాన్పింపబడిన తెలివికి, పనిలేని చేతులకు ఆ గదిలో మందు లేదు. ఆ మందు ఫ్రాంక్‌ఫర్టులో, తల్లిలేని పిల్లలకు అన్నము పెట్టునపుడు దొరకినది. వినువారు లేక కొంత, చేయుటకు తగిన పనిలేక కొంత ఆమె కృశించినది. రెండును దొరకినప్పుడు నిలువబడినది.

ఈ శాస్త్రము మన దేశమునకు క్రొత్త కాదు. కలకత్తాలో డాక్టరు గిరీంద్రశేఖర బోసుగారు 1922లోనే భారతీయ మనోవిశ్లేషణ సంఘమును స్థాపించిరి. ఫ్రాయిడ్‌తో ఉత్తరప్రత్యుత్తరములు జరిపిరి. 1940లో ఆ సంఘముచే లుంబినీ పార్కు అను మనోవైద్యాలయము నెలకొల్పబడెను. ఐనను ఈనాటికిని మన ఊళ్లలో, పెండ్లి కుదిరిన తరువాతనో, కాపురమునకు పోయిన తరువాతనో ఒక పిల్ల మాటిమాటికి మూర్ఛపోయినచో, నోరు పడిపోయినచో, ఆ యింటివారు రెండే దారులు ఎఱుగుదురు. దయ్యము పట్టినదని కొందఱు వేపమండలతో కొట్టింతురు. వట్టి నటనయని కొందఱు తిట్టుదురు. రెండింటను ఆ పిల్లను "నీ కేమి కష్టము వచ్చినదమ్మా" అని అడిగినవారు లేరు. పుట్టమీద కొట్టిన పాము చచ్చునా?

మేము కోరునది చాల చిన్నది. అట్టి పిల్లను మొదట మంచి వైద్యునికి చూపవలెను. ఏలయన మూర్ఛలకు శరీరకారణములును ఉండవచ్చును, వానిని తేల్చుకొనుట ప్రాణావసరము. శరీరమున లోపము లేదని వైద్యుడు చెప్పినంతమాత్రమున అది నటనయని తలంపరాదు. ఆ బాధ నిజమైనదేయని నేటి వైద్యులు ముక్తకంఠముతో చెప్పుచున్నారు. మనోవైద్యుని కడకు పోవుట సిగ్గుపడవలసిన పని కాదు. 2022లో భారతప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్ అను ఉచిత సహాయమునకు 14416 అను సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును.

ఇక ఇంటిలో మనము చేయదగిన పని వినుట. వినుటయనగా తీర్పు చెప్పుట కాదు. "ఇంత చిన్నదానికేనా" అనరాదు. "మా కాలములో ఇంతకంటె పడితిమి" అనరాదు. చెప్పనిదానిని గ్రుచ్చి గ్రుచ్చి అడుగరాదు. చెప్పినదానిని పొరుగమ్మకు చేరవేయుట అన్నిటికంటె పెద్ద ద్రోహము. ఒక్కసారి అట్లు జరిగినచో ఆ నోరు మరల తెఱువబడదు. ఇంటిగుట్టు లంకకు చేటన్న సామెత వీధికెక్కిన గుట్టును గూర్చి చెప్పినది గాని, తల్లి యొడిలో, అక్క చెంత, నమ్మదగిన వైద్యుని యెదుట చెప్పుకొన్న బాధను గూర్చి చెప్పినది కాదని మేము తలంతుము. వినుటతో కూడ, ఆ పిల్ల చదువు మధ్యలో మాన్పింపబడినదేమో, ఆమె తెలివికి తగిన పని ఇంటనో బయటనో దొరకునేమో అది కూడ చూడవలెను. విని యూరకుండుట సగము ఉపకారమే.

కూతునకు ఓర్పు నేర్పుడు, మేము వలదనము. కాని కడుపులో పెట్టుకొనుమని చెప్పునపుడే, బరువైన నాడు వచ్చి నా దగ్గఱ దింపుకొనుమని కూడ చెప్పి పంపుడు. అల్లుని వలనగాని అత్తగారి వలనగాని కష్టము కలిగినదని ఆమె వచ్చి చెప్పిన నాడు, లోకమేమనుకొనునో యను చింతను కొంచెము ప్రక్కకు పెట్టి, చాప వేసి, తలుపు చేరవేసి, ఆమె ముగించువఱకు నోరు మెదపక వినుడు.